23 ఓమ్‌ల గొడవ: చెరువు మకాంలో రాసుకున్న డైరీ

రోజు 1

మొగల్తూరు దగ్గర మా రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా వారానికి నాలుగు రోజులు నా వంతు. కాపలా దొంగల కోసం కాదు, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల కోసం. తెల్లవారుజామున మూడింటి నుంచి ఐదింటి దాకా నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయి, జనరేటర్ అందుకోకపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ పైకి తేలి మన మొహం చూస్తాయి. అందుకని మెలకువగా ఉండాలి. మెలకువగా ఉండాలంటే నాకు పాటలుండాలి.

నా పాటలన్నీ పన్నెండేళ్ళ కిందట కొన్న బటన్ల ప్లేయరులోనే. ఫోనుంది కదా అంటారు. రాత్రిపూట గట్టు మీద ఫోను తెర వెలిగిస్తే ఊళ్ళో పురుగులన్నీ పేరంటానికొచ్చినట్టు వస్తాయి. పైగా ఆ ఛార్జింగు అర్ధరాత్రి లైన్‌మన్‌కి చేసే ఫోన్ల కోసం దాచుకోవాలి. ప్లేయరైతే జేబులో చెయ్యి పెట్టి తడుముకుంటే పాట మారుతుంది. చెవులు మూసుకుని కూర్చుంటే ఏరేటర్ ఆగింది తెలుస్తుందా అని మా నాన్న అడుగుతాడు. మకాంలో, అంటే గట్టు మీది కాపలా గదిలో, ఒక పాత గుండు బల్బు ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. కరెంటు పోతే అదే చెబుతుంది.

మొన్న కొత్త ఇయర్‌ఫోన్లు కొన్నాను. చెవిలోపలికి దూరే రకం. ఒక్కో వైపు మూడు డ్రైవర్లు (శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్లు), కింది శ్రుతులకి ఒక డైనమిక్, పై శ్రుతులకి రెండు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు. డబ్బా మీద 16 ఓమ్‌లు అని ఉంది, కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత. ఇంట్లో ఫోను ఛార్జింగు రంధ్రానికి ఇయర్‌ఫోన్ల కోసం పెట్టే టైప్-సీ డాంగిల్ తగిలించి నాటకం పద్యాలు వింటే ఒత్తులు కూడా విడివిడిగా వినపడ్డాయి. అదే ఫైలు, అవే ఇయర్‌ఫోన్లు, మకాంకి తెచ్చి ప్లేయరుకి పెట్టాను. నటుడు తెర వెనక్కి వెళ్ళి పాడుతున్నాడు. తాళాలు మాత్రం నా చెవి పక్కన నిలబడి కొడుతున్నాయి.

ప్లేయరు ముసలిదైపోయిందనుకుని పాత ఇయర్‌ఫోన్లు పెట్టి చూశాను. ఎప్పటిలాగే ఉంది. అంటే ప్లేయరు మంచిదే, ఇయర్‌ఫోన్లూ మంచివే, రెండిటికీ ముడి పెడితేనే తేడా వస్తోంది. ఇద్దరూ బుద్ధిమంతులే, జాతకాలు కుదరలేదు.

రోజు 2

ముందు అనుమానం ఉప్పుగాలి మీదికి పోయింది. ఇక్కడ ఇనప గేటుకి రంగు వేసిన ఏడాదికే తుప్పు. జాక్ లోపల కంటాక్టులు పచ్చబడి ఉంటాయని ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి తుడిచాను. నల్లగా మురికొచ్చింది, తృప్తిగా ఉంది, శబ్దంలో మార్పేం లేదు. ఈక్వలైజర్ ఆపే ఉంది. చెవి బుడిపెలు మార్చాను. ఏమీ లేదు.

రోజు 3

విషయం బల్బు చెప్పింది.

రెండున్నరకి కరెంటు పోయి వచ్చింది. ఏరేటర్లు ఒక్కొక్కటే వేస్తున్నాను. ఒక్కోటి అందుకోగానే గుండు బల్బు వెలుగు మెట్టు మెట్టుగా కిందికి దిగుతోంది. రోజూ చూసేదే. పనేమీ లేక పసుపు రంగు చవక మీటరు తీసి ప్లగ్గులో పెట్టాను. అన్నీ ఆపి ఉన్నప్పుడు 226 వోల్టులు, అన్నీ తిరుగుతున్నప్పుడు 204. మా చెరువు లైనుకి చిట్టచివర. ట్రాన్స్‌ఫార్మరు పక్కనున్న వాళ్ళ చెరువులో ఇంత పడదు. ట్రాన్స్‌ఫార్మరు నుంచి మా దాకా వచ్చిన తీగలో కొంత నిరోధం ఉంది. మనం ఎంత ఎక్కువ లాగితే తీగ అంత ఎక్కువ తినేసి మిగిలింది మనకిస్తుంది.

ప్లేయరు లోపల కూడా అలాంటి తీగ ఒకటుందేమో అనిపించింది. దానికీ పేరుంది, అవుట్‌పుట్ ఇంపీడెన్స్. పాఠ్యపుస్తకాల్లో ఇంపీడెన్స్‌ని అవరోధం అంటారు. ఇంటర్లో పొటెన్షియోమీటరుతో ఘటం (బ్యాటరీ సెల్) అంతర్నిరోధం కనుక్కునే ప్రయోగం ఉండేది. నేను ప్రయోగం చెయ్యలేదు, పక్కవాడి రికార్డు చూసి రాసి సంతకం పెట్టించుకున్నాను. ఇరవై ఏళ్ళ తరవాత అదే ప్రయోగం చెరువు గట్టున చెయ్యాల్సొచ్చింది. ఎగ్గొట్టిన పాఠం ఎప్పటికైనా వడ్డీతో వసూలవుతుందని మా లెక్చరర్ అనేవారు.

లెక్క చిన్నది. ఏమీ తగిలించకుండా ప్లేయరు ఇచ్చే వోల్టేజీ ఒకటి, తెలిసిన రెసిస్టరు తగిలించాక ఇచ్చే వోల్టేజీ ఇంకొకటి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, అందులోంచి ఒకటి తీసేసి, మిగిలినదాన్ని ఆ రెసిస్టరు విలువతో హెచ్చిస్తే లోపలి ఓమ్‌లు వచ్చేస్తాయి.

రోజు 5

పసుపు మీటరు ఇక్కడ పనికి రాలేదు. ఏసీలో దాని అతి చిన్న రేంజి 200 వోల్టులు. ప్లేయరు ఇచ్చేది అర వోల్టు. తెర మీద 0.4 అంటుంది, రెసిస్టరు పెడితే 0.2 అంటుంది, మళ్ళీ 0.3 అంటుంది. కొబ్బరిబొండాలు తూచే కాటాలో బంగారం పెట్టినట్టుంది.

నరసాపురంలో రేడియోల కాలం నుంచీ రిపేర్లు చేస్తున్న బాబాయ్‌గారు ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గర ఏసీ మిల్లీవోల్టులు చూపించే మీటరుంది.

"దేనికబ్బాయ్?"

"ప్లేయరు అవుట్‌పుట్ ఇంపీడెన్స్ కొలుద్దామనండి."

"ఆయ్, రొయ్యలకి పాటలు వినిపిస్తావేటి? కొలుచుకో. షార్టు మాత్రం చెయ్యకు. రెసిస్టరు పెట్టి చూడు. 33 ఓమ్‌లది చాలు."

ఊరికే చెప్పిన మాట కాదది. జాక్‌లో తీగ ముక్క పెట్టి నేరుగా కలిపేస్తే లోపలి చిప్పు చచ్చిపోవచ్చు. మీటరుతో పాటు 8.2 ఓమ్‌ల నుంచి 100 దాకా పావు వాట్ రెసిస్టర్లు విలువకి పదేసి చొప్పున పొట్లం కట్టి ఇచ్చారు. మీటరు అద్దెకి రెండు కిలోల రొయ్యలడిగారు. ఇస్తానన్నాను.

రోజు 6

పాత ఇయర్‌ఫోను తీగ కత్తిరించి, పిన్ను వైపు ముక్క తీసుకుని, కొసలు గోకి టంకం పెట్టాను. ఆ తీగల మీద రంగు రంగుల లక్క పూత ఉంటుంది. అది కాలకపోతే టంకం అంటుకోదు. మొదటి అరగంట దానికే పోయింది.

ప్లేయరులో 200 హెర్ట్జ్ సైన్ టోన్ (ఒకే శ్రుతిలో మోగే శబ్దం) ఫైలు వేసి వాల్యూమ్ పూర్తిగా పెంచాను. చాలా మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే అబద్ధాలాడతాయి, అందుకే 200. ఈ పని చేసేటప్పుడు ఇయర్‌ఫోన్లు చెవిలో ఉండకూడదు. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఒక్కసారే తెలిసింది.

ప్లేయరు ఖాళీగా 0.482 వోల్టులు. 33 ఓమ్‌లు పెట్టాక 0.284. లెక్క కడితే 23 ఓమ్‌లు. సరదాకి 40 హెర్ట్జ్ దగ్గరా చూశాను. ఖాళీగా మళ్ళీ 0.482, లోడు (అంటే ఆ రెసిస్టరు) మీద మాత్రం 0.270. టోన్ మారితే లోడు మీద వోల్టేజీ ఎందుకు తగ్గాలో అర్థం కాలేదు. మీటరు తప్పనుకుని రాసి పెట్టుకున్నాను.

ఫోను డాంగిల్ ఖాళీగా 0.976, లోడు మీద 0.947. అంటే 1 ఓమ్. ఇంట్లో మూలనున్న పాత డెస్క్‌టాప్ ముందు వైపు ఆకుపచ్చ జాక్‌ని కూడా కొలిచాను. 1.21 నుంచి ఏకంగా 0.37కి పడింది. 75 ఓమ్‌లు! దానికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇన్నేళ్ళు సినిమాలు చూశాను.

అయితే 23 ఓమ్‌లు ఉంటే మాత్రం ఏం? ఇయర్‌ఫోను 16 ఓమ్‌లంటే అన్ని శ్రుతులూ ఒకే పాళ్ళలో తగ్గాలి. వాల్యూమ్ రెండు మెట్లు పెంచుకుంటే సరిపోవాలి కదా. నటుడొక్కడే వెనక్కి ఎందుకు పోయాడు? ఆ 16 మీద అనుమానమొచ్చింది. డబ్బా మీద వేసే ఆ అంకె సాధారణంగా 1 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిచింది. మిగతా చోట్ల ఎంతుందో డబ్బా చెప్పదు.

రోజు 9

ఈ రోజు మొత్తం ఇయర్‌ఫోను ఇంపీడెన్స్ గీత, అంటే ఏ శ్రుతి దగ్గర ఎన్ని ఓమ్‌లో చూపే గీత, తియ్యడానికే పోయింది. నాకైతే ప్రాజెక్టు మొత్తంలో బాగా నచ్చిన భాగం ఇదే.

మీటరు 9 కిలోహెర్ట్జ్ చదవలేదు. అందుకని డెస్క్‌టాప్ వెనకాల, బయటి శబ్దాన్ని లోపలికి తీసుకునే నీలం రంగు లైన్-ఇన్ జాక్‌ని వాడుకున్నాను. ఆకుపచ్చ జాక్ నుంచి టోన్, దాని దారిలో 100 ఓమ్‌ల రెసిస్టరు, ఆ తరవాత ఇయర్‌ఫోను ఒక వైపు, అక్కణ్ణుంచి గ్రౌండుకి. ఇయర్‌ఫోను రెండు కొసల మధ్య ఉన్న వోల్టేజీ నీలం జాక్‌లోకి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి స్థాయి చూసుకోవడం.

సౌండుకార్డు చెప్పే స్థాయి ఎన్ని వోల్టులో నాకు తెలియదు. తెలియక్కర్లేదు. కూరగాయలమ్మ దగ్గర రాయి పోతే, ఎరిగిన అరకిలో పప్పు పొట్లం రెండో పళ్ళెంలో పెట్టి తూస్తుంది చూడండి, అదే పద్ధతి. 4 కిలోహెర్ట్జ్ టోన్ వేసి ఇయర్‌ఫోను మీద స్థాయి ఎంతో చూస్తాను. తరవాత ఇయర్‌ఫోను పీకేసి ఆ చోట ఒక రెసిస్టరు పెడతాను. ఏ రెసిస్టరు దగ్గర అదే స్థాయి వస్తే ఆ శ్రుతిలో ఇయర్‌ఫోను ఇంపీడెన్స్ సుమారుగా అంత. డెస్క్‌టాప్ సొంత 75 ఓమ్‌లు ఆ 100తో కలిసిపోతాయి. రెండుసార్లూ అవే కాబట్టి లెక్కకి అడ్డం రావు.

పన్నెండు శ్రుతులు, ఒక్కోదానికి మూడు నాలుగు రెసిస్టర్లు. టోన్లు ఇయర్‌ఫోనులోంచి సన్నగా బయటికి వినపడుతూనే ఉన్నాయి. 6 కిలోహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ వంటింట్లోంచి "ఆ కీచురాయిని బయట పారెయ్యండీ" అంది. 15 కిలోహెర్ట్జ్ దగ్గర నాకేమీ వినపడలేదు, మా పాపకి వినపడింది. వయసు ఎంతయిందో కొలిచే పరికరం కూడా ఇదే.

50, 100 హెర్ట్జ్ దగ్గర 18 ఓమ్‌లు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 15కీ 18కీ మధ్య, అంటే డబ్బా చెప్పిన 16 నిజమే. అక్కణ్ణుంచి దిగడం మొదలు. 2 కిలోహెర్ట్జ్‌కి 13, 3కి 10, 4కి 8.2 రెసిస్టరుతో దాదాపు సరిసమానం. తరవాత ఎగబాకింది. 6 దగ్గర 15, 9 దగ్గర 27కీ 33కీ మధ్యలో, 30 అనుకున్నాను. ఆపైన మెల్లగా 26, 22.

ఒకే ఇయర్‌ఫోను 8 ఓమ్‌ల నుంచి 30 దాకా ఊగుతోంది. ఆర్మేచర్ డ్రైవరులో సన్నటి కాయిల్ ఉంటుంది, శ్రుతి పెరిగేకొద్దీ దాని ఇంపీడెన్స్ పెరుగుతుంది. దానికి పని పంచడానికి దారిలో పెట్టిన కెపాసిటరు అడుగు శ్రుతుల్ని ఆపుతుంది. ఒక డ్రైవరు తప్పుకుని ఇంకోటి అందుకునే చోట రెండూ పక్కపక్కన కలిసి కరెంటు లాగుతాయి. నా ఇయర్‌ఫోనులో గీత 4 కిలోహెర్ట్జ్ దగ్గర గోతిలో పడింది అందుకే అనుకుంటున్నాను.

పాత ఇయర్‌ఫోన్లని కూడా అలాగే కొలిచాను. ఒకే ఒక్క డైనమిక్ డ్రైవరు. మొదటి నుంచి చివరి దాకా 16, 17, 18. వరిచేను దమ్ము చేసి చదును చేసినట్టుంది గీత. ప్లేయరు 23 ఓమ్‌లు తిన్నా అన్నిటినీ సమానంగానే తింటుంది. ప్లేయరుతో అవి మామూలుగా ఎందుకున్నాయో అర్థమైపోయింది.

రోజు 10

మకాంలో కూర్చుని మేత లెక్కల పుస్తకం వెనక పేజీలో లెక్క వేశాను. ఇయర్‌ఫోనుకి దక్కే వాటా, దాని ఓమ్‌లని దాని ఓమ్‌లూ ప్లేయరు ఓమ్‌లూ కలిపిన మొత్తంతో భాగిస్తే వస్తుంది. డాంగిల్ 1 ఓమ్‌తో అయితే 4 కిలోహెర్ట్జ్ దగ్గర 9లో 8 వంతులు, 9 కిలోహెర్ట్జ్ దగ్గర 31లో 30 వంతులు. శబ్దం స్థాయిని కొలిచే డెసిబెల్స్‌లో ఆ రెండిటి మధ్య తేడా 0.7. చెవికి పట్టదు. ప్లేయరు 23 ఓమ్‌లతో 4 కిలోహెర్ట్జ్‌కి 31లో 8 వంతులే, 9 కిలోహెర్ట్జ్‌కి మాత్రం 53లో 30 వంతులు. తేడా 6.8 డెసిబెల్స్. 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 4 దగ్గర 4 డెసిబెల్స్ గొయ్యి, 9 దగ్గర 2.8 డెసిబెల్స్ గుట్ట. హల్లుల స్పష్టత ఉండేది ఆ గోతి చుట్టుపక్కలే, తాళాల గలగల ఉండేది ఆ గుట్ట మీద. నటుడు ఎక్కడికి పోయాడో, తాళాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చిరునామా దొరికింది.

ఇయర్‌ఫోను ఓమ్‌లలో ఎనిమిదో వంతుకి మించి ప్లేయరు ఓమ్‌లు ఉండకూడదని ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరూ చెప్పే సూత్రం. దాని వెనక లెక్క కూడా ఇదే. సరిగ్గా ఎనిమిదో వంతుంటే పోయేది 9లో 1 వంతు, అంటే 1 డెసిబెల్. పైన ఇంపీడెన్స్ ఎంత ఎగిరినా తేడా ఆ 1 డెసిబెల్ దాటదు. అయితే డబ్బా మీది 16ని పట్టుకుని 2 ఓమ్‌లు చాలనుకోవడం పొరపాటు. గీతలో అతి తక్కువ చోటు పట్టుకోవాలి. నా ఇయర్‌ఫోనుకి అది 8, కాబట్టి 1 ఓమ్. డాంగిల్ సరిగ్గా గీత మీద నిలబడి పాసైంది.

అలాగని ఎక్కువ ఓమ్‌లు పెట్టినవాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళు కారు. హెడ్‌ఫోన్లకి 120 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉండాలని చెప్పిన అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, 1996 నాటి ఐఈసీ 61938. అప్పటి పెద్ద హెడ్‌ఫోన్లు వందల ఓమ్‌లు. స్పీకర్ల కోసం చేసిన ఆంప్లిఫయరు నుంచి రెసిస్టరు గుండా హెడ్‌ఫోన్ జాక్‌కి లాగేవాళ్ళు. ఆ జోడీకి అది కుదిరింది. జేబులో ప్లేయరు, చెవిలో 8 ఓమ్‌ల గొయ్యి ఉన్న జోడీకి కుదరదు.

రోజు 13

మూత విప్పాను. రెండు మరలు, నాలుగు కొక్కేలు. ఒక కొక్కెం విరిగింది. జాక్ పక్కనే, భూతద్దంలో చూస్తే 220 అని రాసి ఉన్న రెండు చిన్న రెసిస్టర్లు. 220 అంటే 22 తరవాత సున్నాలేమీ లేవని, అంటే 22 ఓమ్‌లు. నేను కొలిచిన 23లో మిగిలిన ఒకటీ చిప్పుదీ, జాక్‌దీ. ఒక్కసారి నవ్వొచ్చింది. పది రోజుల నుంచి లెక్కలతో పట్టుకున్న దొంగ నంబరు ప్లేటు తగిలించుకుని ఎదురుగా కూర్చున్నాడు.

వాటి మీదుగా తీగ ముక్క వేసి దాటించేద్దామని బాబాయ్‌గారికి ఫోన్ చేశాను.

"అది ఊరికే పెట్టలేదబ్బాయ్. పిన్ను లోపలికి తోసేటప్పుడు చూడు, కొస వెళ్ళి పక్క కంటాక్టుని రాసుకుంటూ పోతుంది. ఆ క్షణం షార్టే. చిప్పుని కాపాడేది అదే. పొడుగు తీగ పెడితే చిప్పు తనలో తనే ఊళ పెట్టకుండా ఆపేదీ అదే. తీస్తానంటే నీ ఇష్టం, ఒక వైపే తీసి చూడు."

ఎడమ వైపు మాత్రం దాటించాను. చెయ్యి వణికింది. టంకం చుక్క పక్కదానికి అంటుకుంటే ఇక అంతే.

రోజు 14

ఎడమ వైపు నటుడు తెర ముందుకొచ్చాడు. గెలిచాననుకున్నాను. పది నిమిషాలు విన్నాక మృదంగం ఎడం మొహం పల్చబడిందనిపించింది. కుడి చెవిలో తొప్పి దిమ్మంటోంది, ఎడమ చెవిలో అట్టపెట్టె మీద కొట్టినట్టుంది.

మళ్ళీ మీటరు. ఎడమ వైపు 33 ఓమ్‌ల లోడు మీద 200 హెర్ట్జ్‌కి 0.465, 40 హెర్ట్జ్‌కి 0.413. అప్పుడు గుర్తొచ్చింది, ఆరో రోజు మీటరు తప్పనుకుని వదిలేసిన 0.270. మీటరు సత్యహరిశ్చంద్రుడే, తప్పు నాది.

మళ్ళీ మూత విప్పి చూస్తే రెసిస్టరుకి ముందు ఒక్కో వైపు ఒక కెపాసిటరు ఉంది, 220 మైక్రోఫారడ్‌లు. ఇలాంటి పాత ప్లేయర్లలో చిప్పు అవుట్‌పుట్ మీద కొంత డీసీ వోల్టేజీ ఉంటుంది. అది ఇయర్‌ఫోనులోకి పోకుండా ఆపడానికి దారిలో కెపాసిటరు పెడతారు. డీసీని పూర్తిగా ఆపుతుంది, అడుగు శ్రుతుల్ని కొంత ఆపుతుంది. ఎంత ఆపుతుందన్నది దాని తరవాత వచ్చే మొత్తం ఓమ్‌ల మీద ఉంటుంది. రెసిస్టరు 22, చిప్పూ జాక్‌లది ఒకటి, ఇయర్‌ఫోను 18 కలిపి సుమారు 41 ఓమ్‌లుంటే మూడు డెసిబెల్స్ తగ్గే చోటు 18 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఆ శ్రుతి ఎవరికీ అక్కర్లేదు. నేను 22ని దాటించాక మిగిలింది 19 ఓమ్‌లు. అదే చోటు 38 హెర్ట్జ్‌కి ఎక్కి కూర్చుంది. ఆ రెసిస్టరు పై శ్రుతుల్ని పాడు చేస్తూనే కింది శ్రుతుల్ని కాపాడుతోందన్నమాట.

కెపాసిటరుని 470 చేస్తే మళ్ళీ 18 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేస్తుంది. కానీ నా దగ్గరున్న 470 కెపాసిటరు పెడితే ప్లేయరు మూత పడదు, గర్భంతో ఉన్నట్టుంటుంది. అలాంటివి రెండు. సాయంత్రం దాకా అటూ ఇటూ పెట్టి చూసి, టంకం తీసేసి, ఎడమ వైపు 22ని మళ్ళీ మామూలుగా వదిలేశాను. విరిగిన కొక్కెం చోట ఫెవీక్విక్ వేశాను.

నిర్ణయం: ప్లేయరుకి పాత చదును గీత ఇయర్‌ఫోన్లు, మకాంలో. మూడు డ్రైవర్లవి డాంగిల్‌తో, ఇంట్లో. బయటి నుంచి ఓమ్‌లు కలపగలం గానీ తియ్యలేం. మధ్యలో బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయరు పెట్టొచ్చు, కానీ ఛార్జింగు పెట్టే వస్తువు ఇంకోటి మకాంలో నాకొద్దు.

రోజు 17

అంతర్వేది తీర్థం ముగిసింది. భీష్మ ఏకాదశి రథం చూసుకుని, సఖినేటిపల్లి నుంచి పంటు ఎక్కి గోదారి దాటి బావగారు మా ఇంటికొచ్చారు. నాదస్వరం ఆయన ప్రాణం. ఇయర్‌ఫోన్లు చూపించాను. డాంగిల్‌తో ఒక పావుగంట విని తీసేశారు.

"బాగానే ఉంది గానీ బామ్మర్దీ, సన్నాయి చెవిలో సూదిలా గుచ్చుతోంది."

ప్లేయరుకి పెట్టిచ్చాను. తల ఊగింది. "ఆఁ, ఇదీ. పందిట్లో కూర్చున్నట్టుంది."

శబ్దం ఎక్కువ తక్కువల వల్ల అలా అనిపించిందేమో అని రెండిటినీ 1 కిలోహెర్ట్జ్ టోన్‌తో ఇయర్‌ఫోను దగ్గర ఒకే మిల్లీవోల్టులకి తెచ్చి, ప్లేయరు ఏదో ఫోను ఏదో కనపడకుండా తువ్వాలు కప్పి వినిపించాను. ఆరుసార్లు మార్చి మార్చి. ఆరుసార్లూ ప్లేయరునే పట్టుకున్నారు. పది రోజులు నేను రోగమనుకున్నది ఆయనకి రుచి. ఆలోచిస్తే అర్థమవుతుంది. సన్నాయి గుచ్చే శ్రుతులు చాలావరకు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యలోనివి, ఆ గొయ్యి పడింది సరిగ్గా అక్కడే. పైగా ఈ ఇయర్‌ఫోన్లు డాంగిల్ మీద పాట ఆగినప్పుడు సన్నగా 'స్స్' మంటాయి, 23 ఓమ్‌ల వెనక ఆ చప్పుడు కూడా తగ్గిపోతుంది. ఏరేటర్ల మోతకి అలవాటుపడ్డ నా చెవులకి అది ఎప్పుడూ వినపడలేదు, ఆయన గదిలో వినపడుతుంది.

"ఇవి నాకిచ్చెయ్యరాదూ, ఈ ప్లేయరుతో సహా" అన్నారు. ప్లేయరు ఇస్తే నా రాత్రులు గడవవు.

రోజు 19

ప్లేయరు ఇవ్వను గానీ ప్లేయరులోని 23 ఓమ్‌లు ఇస్తానన్నాను. డాంగిల్‌కి ఒకటి, అడాప్టరులో 22. కూడితే సరిగ్గా 23. ఇది కొత్త సంగతేం కాదు. అమెరికాలో ఎటిమోటిక్ కంపెనీ ఈఆర్-4పీ ఇయర్‌ఫోన్లకి 75 ఓమ్‌ల అడాప్టరు కలిపితే ఈఆర్-4ఎస్ లాగా వినపడేది. జనం తెలిసే రెసిస్టరు తగిలించుకున్నారు.

ఒక మగ పిన్ను, ఒక ఆడ సాకెట్, మధ్యలో వేలెడంత తీగ. మొదటిసారి బద్ధకించి ఒక్క రెసిస్టరుతో పని కానిద్దామని దాన్ని గ్రౌండు తీగలో పెట్టాను. రెండు వైపుల కరెంటూ తిరిగి వెళ్ళేది దాని గుండానే కదా, రెండిటికీ వచ్చేస్తుందని. పెట్టుకుని విన్నాను. నటుడు బావిలోకి దిగిపోయాడు, హార్మోనియం మాత్రం రెండు చెవుల అంచుల మీదా వేలాడుతోంది. గ్రౌండు ఉమ్మడిది కాబట్టి ఎడమ కుడి కలిసిపోతాయి. రెండు వైపులా సమానంగా ఉండే గొంతుకి దెబ్బ రెట్టింపు, ఒక వైపే ఉండే వాటికి తక్కువ. జాక్‌లో గ్రౌండు కంటాక్టు వదులైనప్పుడు గొంతు మాయమై వాయిద్యాలే మిగిలేదీ ఇందుకే. విప్పి, ఎడమకొకటి కుడికొకటి రెండు 22లు పెట్టి, గ్రౌండు నేరుగా కలిపి, పైన ముడుచుకునే స్లీవు తొడిగి లైటరుతో వేడి చేశాను. కొలిస్తే ఎడమ 22.1, కుడి 22.3. స్లీవు మీద మార్కరుతో "సన్నాయి" అని రాశాను.

మూడు డ్రైవర్ల ఇయర్‌ఫోన్లు, డాంగిల్, సన్నాయి అడాప్టరు ఒక సంచీలో పెట్టి బావగారికి ఇచ్చి పంటు ఎక్కించాను. బాబాయ్‌గారికి మీటరు, రెండు కిలోల రొయ్యలు. తూకం చూసి "మీటరుతో తూచావేటి, ఏభై గ్రాములు తగ్గింది" అన్నారు.

రోజు 22

రాత్రి పదిన్నరకి బావగారి ఫోన్. నేను గట్టు మీద, రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రేలు చూసుకుంటున్నాను.

"బామ్మర్దీ, సన్నాయికి భేషుగ్గా ఉంది. డోలుకీ బాగుంది. గాత్రం వింటే మాత్రం ఇంకాస్త ముందుకొస్తే బాగుండునని ఉంది. ఆ 22 తీసి కొంచెం తక్కువది పెడితే ఎలాగుంటదంటావ్?"

15 పెడితే డాంగిల్‌ది కలిసి 16. 4 కిలోహెర్ట్జ్ దగ్గర గొయ్యి 3.5 డెసిబెల్స్ అవుతుంది, ఇప్పుడున్నదానికీ దానికీ తేడా అర డెసిబెలే. 6.8 పెడితే రెండున్నరకి దిగుతుంది గానీ అది నా పొట్లంలో లేదు, 8.2 ఉంది. 15వీ 8.2వీ రెండూ చేసి పంపిస్తానన్నాను. రెండు మగ పిన్నులు కొనాలి. మూడో ఏరేటర్ బెల్టు జారుతున్న చప్పుడొస్తోంది, ముందు అది చూడాలి.